రెండు లైబ్రరీల వీధి

ఆ వీధికి కుడిపక్క నగరం, ఎడమపక్క జిల్లా. ఎవరో ఎప్పుడో కాగితం మీద గీసిన గీత సరిగ్గా రోడ్డు నడిమధ్యగా పోయింది. దాంతో నలభై అడుగుల దూరంలో రెండు ప్రభుత్వ గ్రంథాలయాలు ఎదురెదురుగా వెలిశాయి. నగరానిది నేలమీదే ఉంది. జిల్లాది మందుల దుకాణం పైన, ఇరవై రెండు మెట్లెక్కితే వస్తుంది. కుడివైపు ఇళ్లవాళ్లకు నీలం కార్డు, ఎడమవైపు వాళ్లకు గోధుమరంగు కార్డు. ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు, అక్కడిది ఇక్కడ చెల్లదు.

కింది లైబ్రరీ చూసే ఆవిడకు పాఠకులు ‘హుష్ మేడం’ అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో ఆ గదిలో ఒక్కసారి గొంతు పెంచినవాళ్లకెవరికైనా తెలుస్తుంది. పైనున్నావిడ ‘మేడమీద మేడం’. ఈ ఇద్దరూ వదినా మరదళ్లని ఆ వీధిలో చాలామందికి తెలియదు. తెలిసేలా వాళ్లెప్పుడూ నడుచుకోలేదు.

పాతికేళ్ల కిందట ఒక శిక్షణ తరగతిలో ఇద్దరికీ పరిచయమైంది. వదిన, అంటే కింది మేడం, అప్పటికే ఉద్యోగంలో ఉంది. చిరిగిన పేజీని ఎలా అతకాలో, తడిసిన పుస్తకాన్ని ఎలా ఆరబెట్టాలో ఆమే నేర్పింది. ఆరు నెలలు తిరక్కుండా తన తమ్ముడికి ఈ పిల్లనే చేసింది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్లయిన ఏడాదికి, గోధుమరంగు కార్డుతో వచ్చిన ఒకావిడను వదిన తిప్పి పంపేసింది. ఆ మర్నాడు మరదలు నీలం కార్డుతో వచ్చిన ఇద్దరిని పంపేసింది. అలా మొదలైన పంతం ఇద్దరికీ జుట్టు నెరిసినా తగ్గలేదు. ఇంట్లో కలిసినప్పుడు లైబ్రరీ మాట ఎత్తకూడదని నోటితో అనుకోని ఒప్పందం ఒకటుండేది. “నేను బాగుచేసే లిఫ్టులో నేనే ఇరుక్కున్నట్టుంది నా బతుకు” అనేవాడు తమ్ముడు.

వాళ్ల పంతం అలా ఉండగానే ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. నగర, జిల్లా గ్రంథాలయ సేవలు ఇకమీదట ఒక్కటే. అన్నిచోట్లా ఒకే కార్డు చెల్లుతుంది. పుస్తకాలకు నంబర్లు వేసే పద్ధతి కూడా ఒక్కటే ఉంటుంది. జిల్లాకు అరవై శాఖలు, నగరానికి పదకొండే కాబట్టి జిల్లా నంబర్లే అందరికీ. అర కిలోమీటరు లోపల రెండు శాఖలున్నచోట ఒకటే మిగులుతుంది. ఏది మిగలాలో ఆ రెండు శాఖల లైబ్రేరియన్లు కలిసి పుస్తకాలు లెక్కబెట్టి, ఇద్దరూ సంతకం పెట్టిన నివేదిక నెలలోగా పంపాలి.

మరదలు ఆ కాగితం చదివి మడిచి సొరుగులో పెట్టింది. కోపం రాలేదు, సంతోషం రాలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయనిపించింది, అంతే. ఈ విలీనం మాట పుట్టినప్పటి నుంచి, నాలుగు నెలలుగా సమావేశాలు, పట్టికలు, ఒకదాన్ని ఇంకొకటి కొట్టేసే ఉత్తర్వులు. ఆ మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కిదిగిందో ఆమె కాళ్లకే తెలుసు.

కింది లైబ్రరీలో లెక్క మొదలుపెట్టారు. మధ్యాహ్నం రెండు దాకా పాఠకులను రానివ్వకుండా తలుపులు వేసి కూర్చునేవాళ్లు. వదిన బీరువాల ముందు నిలబడి పుస్తకం పేరు, పాత నంబరు చెప్పాలి. మరదలు కంప్యూటర్లో ఎక్కించి, పైన అదే పుస్తకం ఉందో లేదో చూడాలి. వదిన చెప్తుంటే వినముచ్చటగా ఉండేది. ఆగదు, తడబడదు. వేలితో పుస్తకాల వీపులు ఒక్కొక్కటే తాకుతూ, పేరు, రాసినవాళ్లు, ఏ పేజీలో చిరుగుందో కూడా చెప్పుకుపోయేది. ఎనిమిది వేల పుస్తకాలు ఆమె నోట్లో ఉన్నట్టే ఉంది. మరదలికి చిన్నతనంగా కూడా అనిపించింది. తన లైబ్రరీలో పుస్తకాలు తనకు ఇలా వస్తాయా?

మూడోరోజు వ్యాకరణం బీరువా దగ్గరికొచ్చారు. వదిన పైవరుస అయిపోయి రెండో వరుస మొదలుపెట్టింది. మరదలు తొమ్మిది పుస్తకాలు ఎక్కించింది. పదోదానికి పేరు సరిగా వినబడక తలెత్తి చూసింది. వదిన వేలు ఉన్న పుస్తకం మీద పెద్ద ఎర్ర అక్షరాలతో ఇంకేదో పేరుంది. దాని పక్కదీ అంతే. మొన్న దుమ్ము దులిపినప్పుడు అటెండరు రెండో వరుసను మూడోదాంట్లో, మూడోదాన్ని రెండోదాంట్లో సర్దాడు. వదిన మాత్రం అక్కడ లేని పుస్తకాల పేర్లు వరుసగా చెప్పుకుపోతోంది.

మరదలు టైపు చేయడం ఆపేసింది. ఆ చప్పుడు ఆగగానే వదిన కూడా ఆగింది.

“ఏమైందమ్మా?”

“వదినా, మీ వేలి కింద ఏ పుస్తకముందో చదవండి.”

వదిన చదవలేదు. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా కూడా తెచ్చుకోలేదు. చెయ్యి దించి, పక్కనున్న స్టూలును కాలితో వెతికి కూర్చుంది.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగింది మరదలు.

“రెండేళ్లు దాటింది. చూపు నడిమధ్య మచ్చ పడింది. చుట్టూ కనపడుతుంది, మధ్యలో ఉన్నది కనపడదు. ఇప్పుడు నీ చెవి కమ్మలు కనిపిస్తున్నాయి, మొహం లేదు. డాక్టరు ఇక బాగవదన్నాడు. ఇంతకన్నా పాడవకుండా చూద్దామన్నాడు.”

తమ్ముడికి చెప్పలేదా అంటే, వాడికి చెప్తే మైకు పెట్టి చెప్పినట్టే కదా అంది. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందో కూడా ఆమే చెప్పింది. ఏ పుస్తకం ఏ బీరువాలో ఎన్నోదో ముప్పై ఏడేళ్లుగా తెలుసు. కంప్యూటర్ పని అటెండరు చూస్తాడు. మనుషులను నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటుంది. ఉత్తరాలొస్తే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానని ఎవరో ఒకరిచేత చదివించుకుంటుంది. పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలుంది. అది కూడా ఇలాగే గడిచిపోయేది, ఈ విలీనం రాకుండా ఉంటే.

“కొత్త నంబర్లు అంటించి అన్నీ కలిపి సర్దారంటే ఈ గదిలో నేను చుట్టపుచూపుగా వచ్చినట్టే” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. బాగా అలిసిన మనిషి చెప్పులు విప్పేటప్పుడు మాట్లాడినట్టుంది.

మరదలు తప్పుగా ఎక్కించిన తొమ్మిదింటినీ ఒక్కొక్కటే తీసేసింది. తర్వాత కుర్చీలోంచి లేచి వెళ్లి, బీరువా ముందు తను నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టింది. చదివినవాటిని వెనక్కి నడిచొచ్చి తనే ఎక్కించుకుంది. ఇద్దరి పని ఒకరిదైంది. వదిన స్టూలు మీద కూర్చుని, ఫలానా పుస్తకం రెండో ప్రతి పైన మీ దగ్గర ఉండాలి, పదేళ్ల కిందట పొరపాటున మీకొచ్చింది, అడగడానికి అభిమానం అడ్డొచ్చి అడగలేదు, అంటూ సాయం చేసింది. చూస్తే ఆ పుస్తకం నిజంగానే పైన ఉంది.

ఇంటికి వెళ్లాక మరదలు మొగుడికి ఏమీ చెప్పలేదు. చెప్పవలసింది తను కాదనుకుంది. “అక్కా నువ్వూ కొట్టుకున్నారా?” అని అతను రెండుసార్లు అడిగి, జవాబు రాకపోతే తన కంచం తనే కడుక్కుని వెళ్లి పడుకున్నాడు.

నివేదిక రాయడానికి ఆమెకు వారం పట్టింది. ఏ శాఖ మిగలాలన్నది పెద్ద చిక్కు కాదు. తన దగ్గరికి వచ్చే ముసలివాళ్లు మెట్ల మధ్యలో ఆగి ఆయాసపడటం రోజూ వింటూనే ఉంది. చక్రాల కుర్చీలో తిరిగే టైలర్ పదిహేనేళ్లుగా కిందినుంచి కేకేసి పుస్తకం అడుగుతాడు, ఆమె దిగి ఇచ్చొస్తుంది. కింది లైబ్రరీయే ఉండాలి. అది ఉంటే, వయసులోనూ ఉద్యోగంలోనూ పెద్దదైన వదినే దానికి అధికారి, తను కింది ఉద్యోగి. ఆ మాటకూ ఆమెకు బాధ లేదు. అధికారిగా ఉండి ఏం సుఖపడింది కనక? ఎటూ తేలనిది ఆ పదకొండు నెలల సంగతే. చెప్తే వదిన నోటి దగ్గరి కూడు తీసినట్టుంటుంది, చెప్పకపోతే ఇద్దరి సంతకాల కింద ఒక అబద్ధం దాచినట్టుంటుంది. చివరికి మధ్యేమార్గంగా ఒక వాక్యం రాసింది. కింది శాఖలో పాఠకులు పాత అమరికకు అలవాటుపడి ఉన్నందున, ఒక ఏడాదిపాటు ఆ బీరువాలను కదపకుండా ఉంచాలని.

శనివారం పొద్దున్నే కింది లైబ్రరీకి వెళ్లి నివేదిక మొత్తం వదినకు చదివి వినిపించింది. వదిన కళ్లు మూసుకుని వింది. శాఖ విషయం వచ్చినప్పుడు తల ఊపింది. ఈ వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఆ పాఠకులెవరు?”

“ఉన్నారు ఒకరు.”

“ఆ ఒకరి కోసం మీ పైవాళ్లంతా కిందికొచ్చి ఏడాదిపాటు పుస్తకాలు వెతుక్కుంటూ తిరగాలా? ఒకే గదిలో రెండు రకాల నంబర్లా? శిక్షణలో నీకు ఇదేనా నేను నేర్పింది? కొట్టెయ్ దాన్ని.”

“వదినా, పదకొండు నెలలే కదా.”

“నాకు ఓపిక లేదే” అంది వదిన. ఆమె ఎప్పుడూ ‘ఏమ్మా’ అనేది, ‘ఏమే’ అనేది కాదు. ఆ ‘లేదే’ విని మరదలు కాగితం మీంచి తలెత్తింది. “రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ ఎవరికి దొరికిపోతానోనని బయల్దేరడం నా వల్ల కావడం లేదు. నువ్వు పట్టుకున్న రోజున నేను ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను, తెలుసా?”

మరదలు ఆ వాక్యాన్ని కొట్టేసింది. తర్వాత వదిన చెప్తుంటే ఇంకో కాగితం మీద ఉత్తరం రాసింది. నాలుగే వాక్యాలు. చూపు లేనందువల్ల శాఖ బాధ్యత మోయలేననీ, రెండేళ్లుగా ఈ సంగతి దాచడం తన తప్పేననీ, కలిసిన శాఖను మరదలికి అప్పగించాలనీ, ఆమెకు పని వచ్చనీ. పాతికేళ్లలో వదిన నోటివెంట ఆ మాట వినడం అదే మొదలు. సంతకం ఎక్కడ పెట్టాలో తెలియడానికి మరదలు ఆమె వేలు పట్టి గీత మీద ఆనించింది. సంతకం మాత్రం ఎప్పటిలాగే కొట్టొచ్చినట్టు పడింది.

సోమవారం ఇద్దరూ కలిసి డైరెక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయనా అలిసిపోయి ఉన్నాడు. బల్ల మీద డెబ్బై ఒక్క శాఖల కాగితాలు గుట్టగా పడి ఉన్నాయి. ఉత్తరం చదివి, ఇన్నాళ్లూ చెప్పకపోవడం బాగాలేదన్నాడు. చర్య ఏమీ తీసుకోనన్నాడు. చూపు లేనివాళ్లు చేయగల పని ఏదైనా కొత్త సంస్థలో ఉందా అని మరదలు అడిగింది. ఉంటే బాగుండేదనీ, కొత్త పట్టికలో అలాంటి చోటు పెట్టడం ఎవరికీ తోచలేదనీ, వచ్చే ఏడాది రాస్తాననీ అన్నాడు. వచ్చే ఏడాదికి వదిన ఉద్యోగంలో ఉండదు. పోగుపడ్డ సెలవంతా వాడుకుని అటునుంచి అటే విరమణ తీసుకోమన్నాడు. వదిన సరేనంది. బయటికొచ్చాక వరండాలో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. మరదలు చేతిసంచీ పట్టుకుని పక్కనే నిలబడింది.

తమ్ముడికి వదినే చెప్పింది. అతను మైకు పెట్టి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్లి, స్విచ్చులన్నీ చేతికందే ఎత్తుకు దించాడు, గడపల దగ్గర ఎత్తుపల్లాలు సరిచేశాడు. నన్ను పసిపిల్లను చేస్తున్నావని ఆమె కసురుకుంటుంటే, అలాగేలే అక్కా అంటూ మేకులు కొట్టుకుపోయాడు. పని అయ్యాక మాత్రం పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుంటున్నట్టు కుళాయి తిప్పి చాలాసేపు కూర్చున్నాడని మరదలికి తర్వాత తెలిసింది.

పైనున్న పుస్తకాలు కిందికి దించడానికి నాలుగు రోజులు పట్టింది. పంపిస్తామన్న బండి రాలేదు. పాఠకులే మెట్ల మీద వరుసగా నిలబడి కట్టలు అందించుకున్నారు. వాటిని రోడ్డు దాటించేటప్పుడు బస్సులు ఆగాయి, హారన్లు మోగాయి. టైలర్ తన కుర్చీలో ఒళ్లో కట్టలు పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. నాలుగోరోజు సాయంత్రానికి పైగదిలో చెక్క బీరువాల గుర్తులు నేలమీద మిగిలాయి. మరదలు ఊడ్చి, కిటికీలు మూసి, తాళం మందుల దుకాణం అతనికిచ్చి దిగింది.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. కింది లైబ్రరీ ఎనిమిది వేల పుస్తకాల వీపుల మీద పాత చీటీ ఊడదీసి జిల్లా నంబరుది అంటించాలి. నానబెట్టకపోతే చీటీతో పాటు బైండింగు గుడ్డ కూడా లేచొస్తుంది. అటెండరూ ఆమే కూర్చుని రోజుకు ఎనభై, వందా చేసేవాళ్లు. జిగురుతో ఆమె వేళ్లు గట్టిపడ్డాయి. పాఠకులు కొత్త నంబర్లు అర్థం కాక ఆమె మీదే విసుక్కున్నారు. ఎవరు ఎందుకు కలిపారమ్మా, విడిగా ఉన్నప్పుడే బాగుంది కదా అని ఒక పెద్దాయన రోజూ అడిగేవాడు. ఆమె రోజూ ఏదో ఒకటి చెప్పి పంపేది. అదే పెద్దాయన నీలం కార్డువాడు, ఇప్పుడు పైనుంచి వచ్చిన యాత్రా గ్రంథాలను మూడేసి చొప్పున తీసుకెళ్తున్నాడు.

వదిన నెలరోజుల దాకా అటువైపు రాలేదు. ఒక మంగళవారం పదిగంటలకు తమ్ముడు ఆమెను గుమ్మం దాకా తెచ్చి దింపి వెళ్లాడు. ఆమె లోపలికొచ్చి రెండు అడుగులు వేసి ఆగింది. బీరువాలు అడ్డంగా ఉండేవి ఇప్పుడు నిలువుగా ఉన్నాయి.

“ఎటు రావాలే?” అంది.

మరదలు జిగురు చేతులు చీరకు తుడుచుకుని ఎదురెళ్లి, మోచెయ్యి అందించింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ఏం చేస్తున్నావని అడిగితే, చీటీలు ఊడదీస్తున్నానంది. నానబెట్టినవి ఇలా ఇయ్యి, గోరుతో తీయడానికి కళ్లెందుకు అంది వదిన. గిన్నెలో నీళ్లూ, ముప్పై పుస్తకాలూ ఆమె ముందు పెట్టింది మరదలు. మధ్యాహ్నం దాకా ముగ్గురూ అదే పని చేశారు. వదిన తీసినవి శుభ్రంగా వచ్చాయి, ఒక్క గుడ్డ కూడా లేవలేదు.

భోజనానికి లేచేటప్పుడు, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగింది వదిన.

“ఐదు వేల చిల్లర.”

వదిన నిట్టూర్చి, తడి చేతులు దులుపుకుంది. రేపు కాస్త పెందలాడే వస్తానంది.