చుట్టుపక్కల ఊళ్ళు

ఇల్లు వదిలి పోతానని బెదిరించడం సిస్టరమ్మకి కొత్త కాదు. పెళ్ళైన ఏడాది నుంచీ బెదిరిస్తూనే ఉంది. కూరలో ఉప్పు తక్కువైందని మొగుడు అన్న రోజున పోతానంది. ఆమె చూసిన సంబంధం కాదని కొడుకు తనకు నచ్చిన పిల్లని చేసుకుంటానన్న రోజున ఏకంగా పెట్టే సర్దింది. పోవడం మాత్రం ఎన్నడూ జరగలేదు. గుమ్మం దాకా వెళ్ళేసరికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవారు. మొగుడు తప్పైపోయిందనేవాడు, కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, ఆమె పెద్దమనసు చేసుకుని చెప్పులు విప్పేది. ఆ మందు ఇంట్లో వాళ్ళకి పడేదో లేదో గానీ ఆమెకి మాత్రం భేషుగ్గా పనిచేసేది.

ఆమె పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. అక్కడ సర్జన్లు కూడా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారట. రిటైరయ్యాక చేతికింద మనుషులు లేక ఇంటినే థియేటర్ చేసుకుంది. చెంచాలు మరగబెట్టేది, దువ్వెనలు మరగబెట్టేది, దిండు గలీబులు మరగబెట్టేది. పొద్దున్నే అందరి గోళ్ళూ కిటికీ వెలుతురులో పెట్టి చూసేది. మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. పెళ్ళికి ముందు ఓసారి కనుబొమ్మ చీరుకుపోయి ఆసుపత్రికి కుట్లు వేయించుకోవడానికి వచ్చి ఆమె మీద మనసు పడ్డాడు. ఆమె ఆయనతో అన్న మొదటి మాట "కదలకు". ఆయన ఇప్పటికీ కదల్లేదు.

ఈసారి గొడవ కుందేలు దగ్గర మొదలైంది. ఆరేళ్ళ మనవరాలికి ఒక గుడ్డ కుందేలుంది. పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక నానమ్మ గదిలోనే పడుకోవాలి, అది ఇంటి చట్టం. ఎనిమిదింటికి దీపం ఆరిపోవాలి, చేతులు రెండూ దుప్పటి పైన కనిపించాలి, మాటలు ఉండకూడదు. ఆ చీకట్లో పిల్లకి తోడు కుందేలొక్కటే. దానికి జలుబు క్రిములు పట్టాయని సిస్టరమ్మ ఒక ఉదయం దాన్ని గిన్నెలో వేసి మరిగించింది. బయటికి తీసేసరికి కళ్ళు ఊడిపోయాయి, మూతి చెరిగిపోయింది. పిచ్చుక గుక్కపట్టింది.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. నొప్పితో మండిపడుతూ వచ్చేవాళ్ళని నవ్వు మొహంతో కూర్చోబెట్టడం ఆమె ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ ఇంట్లో కూడా నోరు మెదపదు. ఆ రోజు మెదిపింది.

"అది ఆపరేషన్ కత్తి కాదత్తయ్యా. బొమ్మ."

అంతే, సిస్టరమ్మ గిన్నె దించి నిలబడింది.

"అంటే నాకు ఆ మాత్రం తేడా తెలీదనా? సరే, ఈ ఇంటికి నేనే అడ్డం! పోతాను. పక్కవీధికి కాదు, యూరప్ పోతా. ఒక్కదాన్నే పోతా. ఇదిగో, ఈ ఊరే పోతా!"

వేలు గోడ మీది క్యాలెండర్‌కి తగిలింది. కొడుకు మందుల షాపులో ఫార్మసిస్టు. ఆ షాపువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ అది. ఆ నెల బొమ్మలో ఓ నది, పాత రాతి వంతెన, గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు బయటికొచ్చి తిరిగే పెద్ద గడియారం ఉన్నాయి. కింద అచ్చువేసిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఆ రోజు నుంచీ ఇంట్లో అది గడియారం ఊరు.

చెయ్యి పట్టుకోవడానికి ముందు ఎవరు లేస్తారా అని సిస్టరమ్మ చూసింది. మొగుడు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"ఎప్పుడు వెళ్తావమ్మా?" అన్నాడు.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానంటే చూసేవాళ్ళు నవ్వాలి. వీళ్ళెవరూ నవ్వలేదు. నిచ్చెన తెచ్చి వేశారు. మర్నాడు సాయంత్రానికల్లా భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరుచుకుంది. చుట్టూ నాలుగు కుర్చీలు చేరాయి.

సిస్టరమ్మ ఒక్కో అడ్డంకీ తీసి బల్లమీద పెట్టింది. అక్కడి భాష నాకు రాదే అంది. ఫోన్లో మాట్లాడితే అదే తిప్పి చెప్తుందమ్మా అన్నాడు కొడుకు. నా మోకాళ్ళ సంగతేంటి అంది. లిఫ్ట్ ఉన్న హోటలు, గడియారానికి నాలుగడుగుల్లో దొరికింది. అక్కడి తిండి నాకు పడదంది. వంటగది ఉన్న గది చూశాం అత్తయ్యా, మీ గిన్నెలు మీరే మరగబెట్టుకోవచ్చు అంది కోడలు. చలికి చచ్చిపోతానంది. మూడోనాటికి ఆమెకిష్టమైన ముదురు నీలం రంగు కోటు ఇంటికొచ్చింది. వీసా పనికి కొడుకు సెలవు పెట్టాడు. సొంత కూతురికి జ్వరమొస్తే పెట్టనివాడు తల్లి ప్రయాణానికి పెట్టాడు.

వద్దనే మాట ఒక్కటి రావాలి, ఆమెకి కావలసింది అంతే. నువ్వు లేకపోతే ఈ ఇల్లేమైపోతుంది అని ఒక్కరంటే చాలు, ఆ కోటు ఎవరికైనా ఇచ్చేసేది. ఆ మాట రాకపోగా, పాత నర్సు స్నేహితురాళ్ళ దగ్గర తనే గొప్పలు పోయింది. "ఒక్కదాన్నే పోతున్నా. ఎవరి తోడూ అక్కర్లేదు" అని ఫోన్లు చేసి మరీ చెప్పింది. ఇక వెనక్కి తగ్గితే నలుగురిలో నగుబాటు. అప్పుడప్పుడు ఆ రాతి వంతెన మీద నిలబడ్డట్టు ఊహించుకునేది కూడా. కానీ ఊహలో ఆమె నదిని చూసేది కాదు, ఫోన్లో ఏడుస్తున్న ఇంటివాళ్ళని ఓదారుస్తూ ఉండేది.

మొదట అనుకున్నది నాలుగు రోజులు. దాన్ని సాగదీయడం మొగుడితో మొదలైంది.

"అంత దూరం పోయి నాలుగు రోజులకే రావడమేంటి? రైల్లో గంట ప్రయాణంలో ఇంకో ఊరుందట. అక్కడి చర్చిలో అలంకారమంతా మనుషుల ఎముకలేనట. నీకు నచ్చుతుంది" అన్నాడు.

నీకేం నచ్చుతుందో చెప్పే పని ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆమెది. ఆయన చెప్పడం అదే మొదలు. ఎముకల ఊరు చేరింది. ఆ తర్వాత కోడలు వేడినీళ్ళ ఊరు పట్టుకొచ్చింది.

"నీళ్ళు భూమిలోంచే మరిగొస్తాయటత్తయ్యా. మీలాంటివాళ్ళ కోసమే పుట్టిన ఊరు. కాకపోతే వారం రోజులన్నా స్నానాలు చేస్తేగానీ మోకాళ్ళకి గుణం కనిపించదట."

కొడుకు ఇంకాస్త అవతల ఉన్న కోట ఊరు కలిపాడు. ఎటూ వెళ్తున్నావు కదమ్మా అన్నాడు. పిచ్చుక కుర్చీ మీద మోకాళ్ళేసి తెర మీది మ్యాప్ వైపు వంగింది.

"ఇంకా దూరం ఊరు లేదా నాన్నా?" అంది.

పిల్లకి భూగోళం మీద ఎంత ఆసక్తో అని సిస్టరమ్మ మురిసిపోయి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మూతి తుడుచుకుంది కూడా. పొమ్మనలేక పొగబెట్టడం పాతకాలం పద్ధతి. వీళ్ళు నాగరికులు కాబట్టి హోటళ్ళు బుక్ చేశారు. నాలుగు రోజుల ప్రయాణం రెండు వారాలైంది.

వాళ్ళ హడావుడంతా ఎందుకో ఆమెకి ఒక ఆదివారం తెలిసింది. కోడలు స్నానానికి వెళ్ళింది, ఆమె ఫోను బల్లమీద మోగుతోంది. ఆ మోత భరించలేక సిస్టరమ్మ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల వియ్యపురాలు. పిచ్చుక పుట్టినప్పుడు చూడ్డానికి వస్తే, బిడ్డని ముట్టుకునే ముందు ఆవిడ చేత మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో కడిగించి, నోరు పుక్కిలించమన్నది సిస్టరమ్మే. ఆవిడ ఏడ్చుకుంటూ వెళ్ళి మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

"ఏమే, ఆవిడ ప్రయాణం ఖాయమేనా? మళ్ళీ మనసు మార్చుకోదు కదా?" అవతలి గొంతు కూతురనుకునే మాట్లాడుతోంది. "ఆవిడ అటు వెళ్ళగానే నేనిటు వచ్చేస్తా. ఈ రెండు వారాలూ పిల్లని నా పక్కలోనే పడుకోబెట్టుకుంటా. ఇన్నేళ్ళకి మీ ఇంట్లో కాస్త గాలాడుతుంది."

సిస్టరమ్మ మాట్లాడకుండా ఫోను కట్టేసింది. స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఉన్నచోటే పెట్టింది. మామూలుగా అయితే ఆ పూట ఇల్లు పీకి పందిరి వేసేది. ఆ రోజు వెయ్యలేదు. అడిగితే ఏం చెప్తారో తెలిసిపోయింది, వాళ్ళ నోటితో వినే ధైర్యం లేదు. జీవితంలో మొదటిసారి ఆమెకి ఆ ఇంటివాళ్ళంటే భయం వేసింది.

నేరుగా మొగుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో కళ్ళజోడు మరలు బిగిస్తున్నాడు.

"నేను లేకపోతే మీ మందులెవరిస్తారు?" అంది.

"దాని గురించి బెంగ పెట్టుకోకు" అని ఆయన సొరుగు లాగి గళ్ళ గళ్ళ ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. "రోజుకో గడి. అన్నీ నింపుకున్నా. నువ్వు హాయిగా తిరిగి రా. తొందరపడి రాకు."

ఆమె డబ్బా తీసుకుని మూతలు తెరిచి చూసింది. ఒక్క మాత్రా తప్పు పడలేదు. తప్పు పడి ఉంటే ఎంత బాగుండేదని ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవకుండా, గళ్ళల్లో దుమ్ముందని కసిరి వచ్చేసింది.

ఇక మిగిలింది పిచ్చుక ఒక్కతే. మొగుడు మొద్దు, కొడుకు పెళ్ళాం చాటు మనిషి, కోడలు సరేసరి. కానీ పిచ్చుక తన పక్కన పడుకుని పెరిగిన పిల్ల. ఈ మధ్య ఎంత ముద్దొస్తోందని! అడక్కుండానే గోళ్ళు చూపిస్తోంది, సూట్‌కేసులో మేజోళ్ళు సర్దుతోంది, విమానం బొమ్మ గీసి ఒకే ఒక్క కిటికీలో నానమ్మని కూర్చోబెట్టి ఇచ్చింది. ఆ బొమ్మని ఆమె పాస్‌పోర్ట్ పక్కన దాచుకుంది. ప్రయాణం రోజు పిల్ల కాళ్ళకి చుట్టుకుంటుంది, పోవద్దని ఏడుస్తుంది. 'ఈ పసిదాని ఏడుపు చూస్తూ ఎలా పోను?' అని తను బూట్లు విప్పేస్తుంది. పరువూ దక్కుతుంది, పిల్లా దక్కుతుంది. అలా అనుకుని ధైర్యం తెచ్చుకుంది. ప్రయాణం రోజు పొద్దున బూట్ల తాళ్ళు వదులుగానే ముడేసుకుంది, విప్పడం తేలికవుతుందని.

కింద టాక్సీ హారన్ కొట్టింది. కొడుకు సూట్‌కేసు ఎత్తాడు. హాల్లో రేడియో అప్పటికే పాడుతోంది. ఆమె ఉండగా అది ఎప్పుడూ అంత గట్టిగా పాడలేదు.

"చేరగానే ఫోన్ చెయ్యి. వీలు కాకపోతే తీరిగ్గానే చెయ్యి" అన్నాడు మొగుడు.

అప్పుడు పిచ్చుక గదిలోంచి వచ్చింది. ఒక చెయ్యి వీపు వెనక దాచుకుంది. పెదవులు వణుకుతున్నాయి, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. సిస్టరమ్మ గుండె ఎగిరి గంతేసింది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి కింద కూర్చుంది.

"ఏంటమ్మా? ఎందుకేడుస్తున్నావ్ నా తల్లీ?"

"నువ్వు మళ్ళీ వచ్చేస్తావా నానమ్మా?"

"రాకుండా ఎక్కడికి పోతానే పిచ్చిదానా! రెండు వారాలంతే. కళ్ళు మూసి తెరిచేలోగా నీ ముందుంటా."

పిల్ల ఏడుపు ఒక్కసారిగా రెట్టింపైంది. తల్లి వైపు తిరిగింది.

"వస్తానంటోందమ్మా! ఇన్ని ఊళ్ళు పెట్టాం కదా! ఇన్ని ఊళ్ళు పెట్టినా మళ్ళీ వస్తుందా?"

వెనక దాచిన చేతిలోంచి కుందేలు జారి కింద పడింది. దానికి ఎవరో కొత్త కళ్ళు కుట్టారు. ఒకటి చొక్కా గుండీ, ఇంకొకటి కోటు గుండీ.

తప్పమ్మా, నానమ్మని అలా అనకూడదు. ఆ ఒక్క మాట ఎవరైనా అంటారని సిస్టరమ్మ తలెత్తి చూసింది. పసిపిల్ల, తెలీక అంది అన్నా సరిపోయేది. మొగుడు, కొడుకు, కోడలు ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఎవరూ పిల్లని కోప్పడలేదు. ఆమెకి అక్కడే నేల చీలిపోతే బాగుండనిపించింది. థియేటర్లో మత్తు ఎక్కేముందు ముక్కూ మొహం తెలియని రోగులు ఆమె వేలు పట్టుకునేవారు. నిద్రపోయాక వాళ్ళ చేతులు ఆమే మెల్లగా విడదీయాల్సి వచ్చేది. సొంత ఇంట్లో ఆ వేలు పట్టుకునే అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె బూట్ల తాళ్ళు లాగింది. వదులుగానే ఉన్నాయి కదా, ఇట్టే వచ్చాయి.

"టాక్సీ పంపించెయ్" అంది కొడుకుతో.

"అమ్మా, హోటళ్ళన్నీ..."

"పంపించెయ్ అన్నాను."

లేచి వెళ్ళి రేడియో కట్టేసింది. మొగుడు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె కోడలి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మీ అమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. పాపం, మనవరాల్ని పక్కలో పడుకోబెట్టుకోవాలని ఎంత ఆశపడిందో. నన్నడిగుంటే నేనే పిలిచేదాన్ని కదమ్మాయ్."

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం నేర్పిన నవ్వు కూడా అక్కరకు రాలేదు. సిస్టరమ్మ వంగి కుందేల్ని చెవి పట్టుకుని రెండు వేళ్ళతో పైకి తీసింది. గుండీ కళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిన్నె పెట్టు. నీళ్ళు బాగా మరగాలి" అంది.

పిచ్చుక ఏడుపు టక్కున ఆగిపోయింది, భయంతో. సిస్టరమ్మ కొత్త కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి, పిల్ల చెంపలు ఎంతో శుభ్రంగా తుడిచింది.

"ఏడవకు తల్లీ. నానమ్మ ఎక్కడికీ వెళ్ళదు."