పద్నాలుగు గ్రాములు

1991 మార్చి రెండో సోమవారం బ్రెజీనా ఊళ్ళో దండేల మీద దుప్పట్లు తెల్లగా ఆరాయి.

దుప్పట్లు తెల్లగా ఆరడంలో వింతేముందని చదివేవారికి అనిపించవచ్చు. తూర్పు జర్మనీలోని లౌజిట్స్ ప్రాంతంలో, లిగ్నైట్ బొగ్గు గనికి రెండు కిలోమీటర్ల దూరంలో, బొగ్గును ఎండబెట్టి ఇటుకలుగా నొక్కే ఫ్యాక్టరీ పక్కన కాపురాలు చేసేవారికి అది వింతే. ఫ్యాక్టరీకి నాలుగు పొగగొట్టాలు. దాన్ని ఆనుకుని కరెంటు తయారుచేసే బాయిలర్లు. గాలి తూర్పు నుంచి వీచిందంటే ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి దండేల దగ్గరికి పరుగెత్తేవారు. కిటికీ అంచులు రోజుకు రెండుసార్లు తుడిచేవారు. ఆ మసిలో పిల్లలు వేలితో బొమ్మలు గీసి ఆడుకునేవారు. ఇదంతా ఒక కష్టమని ఎవరికీ తోచలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కష్టమని ఎలా తోస్తుంది?

ఆ సోమవారానికి పొగగొట్టాలు చల్లారి తొమ్మిది రోజులైంది. రెండు జర్మనీలూ ఒకటయ్యాక ఆ బొగ్గు ఇటుకలు కొనే దిక్కు లేకుండాపోయింది. దుప్పటి తెల్లగా ఆరిందంటే ఆ ఇంట్లో పనికి వెళ్ళేవాళ్ళు లేరని అర్థం. అందుకే ఏ ఇల్లాలూ వాటిని చూసి మురిసిపోలేదు. మౌనంగా మడిచి లోపలికి తీసుకుపోయారు.

వోర్షా కూడా అలాగే మడిచింది. ఆమెకు యాభై ఒకటో ఏడు. ఇరవై మూడేళ్ళు ఫ్యాక్టరీ కొలతల గదిలో పనిచేసింది. ఊరి చుట్టూ ఆరు చోట్ల కర్రల మీద గాజు జాడీలు పెట్టి, నెల తిరిగేసరికి వాటిలో పడిన దుమ్మును తూచి, లెక్కగట్టి రిజిస్టరులో ఎక్కించడం ఆమె ఉద్యోగం. భర్త బెనో గనిలో తవ్వే యంత్రం నడిపేవాడు. ఇప్పుడిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. బెనో కిటికీ దగ్గర కూర్చుంటాడు. వోర్షా ఉతికిందే మళ్ళీ ఉతుకుతుంది. ఏడవాలనీ కోప్పడాలనీ ఆమెకు అనిపించలేదు. మత్తుమందు ఇచ్చిన చెంపలా ఉంది మనసు, ముట్టుకుంటే తనది కాదన్నట్టు.

ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయం నుంచి అల్ముట్ అనే అమ్మాయి వచ్చింది. గనీ ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికుల బతుకు ఎలా ఉంది, ఇన్నేళ్ళ బొగ్గు పని గాలినీ నీటినీ ఏం చేసింది అన్నది ఆమె పరిశోధన. వోర్షా ఉడికించిన బంగాళాదుంపలు, గడ్డపెరుగు, అవిసె నూనె బల్ల మీద పెట్టి, ఆమెకూ ఒక పళ్ళెం వేసింది.

"మేం ముప్పై ఏళ్ళు నేలను తవ్వాం. ఇప్పుడు మీరొచ్చి మమ్మల్ని తవ్వుతారా?" అన్నాడు బెనో.

అల్ముట్ నవ్వింది. "అడిగేవి కొన్నే ప్రశ్నలండీ. ఒకటి నుంచి ఐదు దాకా అంకె చెబితే చాలు. మీ జీవితం మీద మీకెంత తృప్తి?"

"మూడు," అంది వోర్షా.

"రేపటి మీద నమ్మకం?"

"మూడు."

"ఆరోగ్యం?"

"మూడే రాసుకోమ్మా."

అల్ముట్ కలం పక్కన పెట్టింది. "మీ దుమ్ము రిజిస్టర్లు చూశానండీ. పిల్లల బడి దగ్గరి జాడీలో ఎప్పుడు చూసినా పదమూడు గ్రాములు, లేకపోతే పద్నాలుగు. ఎండాకాలమైనా అంతే, చలికాలమైనా అంతే. గాలి అంత బుద్ధిగా ఉంటుందా?"

"రాసిందే ఉంటుంది," అంది వోర్షా. లేచి పళ్ళేలు తీసింది. బెనో కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

అసలు జరిగింది ఇది. 1968 అక్టోబరులో, ఉద్యోగంలో చేరిన మొదటి నెల, పిల్లల బడి దగ్గరి జాడీలో చదరపు మీటరుకు నలభై ఒక్క గ్రాములు తేలాయి. పరిమితి పదిహేను. పై అధికారి ప్రోబ్స్ట్ ఆ కాగితం వెనక్కి ఇచ్చాడు.

"పిల్లలు జాడీలో ఇసుక పోసుంటారు. మళ్ళీ చూడు."

"మళ్ళీ తూచాను సార్. అంతే ఉంది."

"తూచమనలేదమ్మా. మళ్ళీ రాయమన్నాను."

ఆమె పద్నాలుగు అని రాసింది. రెండో నెల ముప్పై ఎనిమిది వచ్చింది. ఆయన కాగితం చూసి ఏమీ అనకుండా బల్ల మీదుగా ఆమె వైపు జరిపాడు. మూడో నెల నుంచి ఆయన చెప్పే అవసరం కూడా రాలేదు. తూచేటప్పుడు ఒక అంకె కనపడేది, కలం మరో అంకె రాసేది. ఆ రెండింటి మధ్యా ఉండాల్సిన సిగ్గు మొదటి ఏడాది కాస్త గుచ్చుకుంది. తరువాత అదీ పోయింది. ప్రోబ్స్ట్ రిటైరై పోయాక కూడా ఆమె అలాగే రాసింది. ఎవరూ బెదిరించలేదు. అలవాటైన చేతిని బెదిరించే పనేముంటుంది?

పక్కింటి మద్లేనాకు ఇవేమీ తెలియవు. ఆమె ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేది. 1979 చలికాలంలో ఆమె కూతురు హిల్జాకు నాలుగేళ్ళు. రాత్రిళ్ళు ఊపిరాడక కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గేది. ఒకరోజు మద్లేనా కంచె దగ్గరికొచ్చి అడిగింది.

"అక్కా, కొండల్లో మా చెల్లెలింట్లో ఒక గది ఖాళీగా ఉంది. పిల్లను తీసుకుని వెళ్ళిపోనా? మా ఆయన వద్దంటున్నాడు. గాలిని తూచేదానివి నువ్వు. నువ్వేమంటే అది."

"ఎందుకే అంత భయం? అంకెలు బాగానే ఉన్నాయి," అంది వోర్షా.

మద్లేనా ఊళ్ళోనే ఉండిపోయింది. హిల్జా ఇప్పుడు పదహారేళ్ళ పిల్ల. పీల్చే మందు గొట్టం జేబులో లేకుండా వీధి చివరికి కూడా పోదు. రొట్టెలు చేసే పని నేర్చుకుంటానని ముచ్చటపడితే, పిండి దుమ్ము ఈ ఊపిరితిత్తులకు పడదని డాక్టర్లు వద్దన్నారు.

ఏప్రిల్‌లో ఊరంతటికీ ఒక ఆశ దొరికింది. పశ్చిమ జర్మనీ వైపు నుంచి ఒక కంపెనీ ఫ్యాక్టరీని కొంటుందట. సత్రం హాల్లో సమావేశం పెట్టారు. ఆ పొద్దున మద్లేనా కొత్త కోటు వేసుకుని వచ్చి, "అక్కా, క్యాంటీన్ మళ్ళీ తెరుస్తారంటున్నారే! నీ పక్కన నాకో కుర్చీ పట్టి ఉంచు," అని చెప్పి వెళ్ళింది.

హాలు కిక్కిరిసింది. కంపెనీ ప్రతినిధి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. బల్ల మీద వోర్షా రిజిస్టర్ల నకళ్ళు పెట్టుకున్నాడు. గోడ పక్కన అల్ముట్ నిలబడి ఉంది.

"ఇరవై మూడేళ్ళ రికార్డు చూశాం. దుమ్ము ఒక్క నెల కూడా పరిమితి దాటలేదు. కాబట్టి కొత్త ఫిల్టర్లు అక్కర్లేదని మా లెక్క. రెండు బాయిలర్లతో ఆగస్టులో మొదలుపెడతాం. నూట ఇరవై మందికి పని దొరుకుతుంది," అన్నాడాయన.

చప్పట్లు మోగాయి. బెనో కొట్టాడు, మద్లేనా కొట్టింది. వోర్షా కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ తన చేతుల వైపు చూసుకుంది. ఆ బాయిలర్ల మసి ఏ గాలికి ఎటు పోతుందో, ఎవరి పెరట్లో ఎంత పడుతుందో ఆ హాల్లో ఆమె ఒక్కతెకే గ్రాములతో సహా తెలుసు. తాను రాసిన పద్నాలుగు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల మీద కూడా పనిచేయబోతోంది.

ఆమె లేచి నిలబడింది. గుండె దడదడలాడలేదు. చీటీ చదువుతున్నట్టు చెప్పింది.

"ఆ అంకెలు నేను రాసినవి. అవి అబద్ధం."

"కూర్చోవే," అన్నాడు బెనో, ఆమె చేయి పట్టుకుని లాగుతూ.

"పిల్లల బడి దగ్గర నలభై దాటని చలికాలం ఒక్కటీ లేదు. పదిహేను దాటితే పైవాళ్ళు ఒప్పుకోరని పద్నాలుగు రాశాను. మొదట రెండుసార్లు రాయించారు. ఆ తరువాతవన్నీ నేనే రాశాను."

"ఇప్పుడా చెప్పేది!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. "మా పిల్లల తిండి చెడగొట్టడానికా?" అన్నాడు ఇంకొకడు. ఆ గోలలో మద్లేనా మెల్లగా లేచింది. ఆమె నోరు తెరిచేసరికి హాలంతా సద్దుమణిగింది.

"నేను అడిగిన రోజు? కంచె దగ్గర?"

"నలభై ఏడు," అంది వోర్షా.

మద్లేనా కొత్త కోటు బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకుని బయటికి నడిచింది.

మూడు వారాల తరువాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, కొనడం లేదని. ఫిల్టర్ల ఖర్చుకు భయపడ్డారో, మొదటి నుంచే మనసు లేదో ఎవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల అలాంటి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న ఏడాది అది. ఊరికి మాత్రం కారణం దొరికింది. రొట్టెల కొట్లో వోర్షా అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బెనో పదకొండు రోజులు పలకలేదు. పన్నెండో రోజు దుంపల తొక్క తీస్తూ అన్నాడు.

"ఆ నూట ఇరవై మందిలో నా పేరు కూడా ఉండేదే."

"తెలుసు."

"తెలిసే లేచావా?"

"తెలిసే."

అతను ఇంకో దుంప తీసుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అల్ముట్ టేప్ రికార్డరుతో తిరిగి వచ్చింది. నాలుగు మధ్యాహ్నాలు వోర్షా తనకు జ్ఞాపకమున్న అసలు అంకెలు చెప్పింది, ఏ చలికాలం ఎంత, ఏ జాడీలో ఎంత. జ్ఞాపకం లేనిచోట లేదనే చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఊరి పిల్లలకు మందులిచ్చి రిటైరైన షోల్టా డాక్టరమ్మ తన పాత కార్డులు బయటికి తీసి ఆ అంకెల పక్కన పెట్టింది. దుమ్ము ఎక్కువ పడిన నెలల్లోనే దగ్గు కార్డులూ పోగుపడ్డాయి. ఆ కాగితాల బలంతో ముప్పై ఒక్క మంది పిల్లలను పట్నం ఊపిరితిత్తుల ఆసుపత్రికి పంపారు.

జూన్‌లో ఒక సాయంత్రం మద్లేనా వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"హిల్జాకు మందు మార్చారు," అంది.

"ఎలా ఉంది?"

"ఆగకుండా మేడమెట్లు ఎక్కుతోంది. అంతే. పూర్తిగా తగ్గేది కాదన్నారు." ఒక అడుగు వెనక్కి వేసింది. "నిన్ను క్షమించానని చెప్పడానికి రాలేదు."

"తెలుసే."

"రేపు డాక్టరమ్మ తల్లులందరినీ బడికి రమ్మంది. నువ్వూ రావాలట. నా పక్కన కూర్చోవద్దు."

వోర్షా వెళ్ళింది. చిన్నపిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్న తల్లుల వెనక, తలుపు దగ్గర నిలబడింది. ఒకామె ఆమెను చూసి, "ఇదెందుకొచ్చింది ఇక్కడికి?" అంది గట్టిగానే.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"నేనే రమ్మన్నాను. ఆమెను బయటికి పంపితే నేనూ వెళ్ళాలి. మీ పిల్లల కార్డుల మీద దగ్గుకు కారణం అన్నచోట నేనేం రాశానో తెలుసా? పుట్టు బలహీనత అని రాశాను. ఎనభై ఏడు కార్డుల మీద. దుమ్ము అని రాస్తే జిల్లా ఆఫీసు నుంచి కార్డు తిరిగొస్తుంది, అందుకని. ఆమె తగ్గించి రాసింది, నేను మార్చి రాశాను, మీ మగవాళ్ళు మసి కక్కే బాయిలరు పక్కన నిలబడి అంతా బాగుందని సంతకం పెట్టారు. ఎవరి కుర్చీలో వాళ్ళం ఒక చిన్న అబద్ధమే ఆడాం. అవన్నీ కలిసి పిల్లల ఛాతీల్లో చేరాయి. మనకు పని కావాలి, నిజమే. కరెంటు కావాలి, అదీ నిజమే. రేపు ఇంకో ఫ్యాక్టరీ వస్తుంది, మీ పిల్లల్లోనే ఒకరు త్రాసు ముందు కూర్చుంటారు. వాళ్ళకు ఈ ఒక్క సంగతి నేర్పండి."

వోర్షా కళ్ళు పొడిగానే ఉన్నాయి. ముందు వరుసలోంచి మద్లేనా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

"కొలిచే పని మీ చేతికి వస్తే ఉన్నదున్నట్టు రాయండి," అంది డాక్టరమ్మ. "మీరు రాసిన అంకెను నమ్ముకునే ఒక తల్లి తన బిడ్డను ఎక్కడ పెంచాలో తేల్చుకుంటుంది."