వరండాలోకి తెచ్చిన కార్డిలైన్

మా బావ నర్సరీకి వచ్చేవాళ్ళు ఆకు రంగురంగులుగా కనిపిస్తే చాలు, క్రోటన్ అనేస్తారు. బావకి ఒళ్ళు మండుతుంది. "క్రోటన్ కాదండీ, కార్డిలైన్. టీ మొక్క అని కూడా అంటారు, అలాగని ఆకులు మరగబెట్టుకుని తాగేరు!" అని మొదలుపెడతాడు. "ఎండ తగలాలి. నీడలో పెట్టారో, రంగంతా పోయి పచ్చబడుతుంది. తర్వాత నన్ననకండి" అని ముగిస్తాడు. అక్కాబావల ఇంట్లోనే ఉంటున్న నాకు ఈ పాఠం వినీ వినీ కంఠతా వచ్చేసింది. ఇంత తెలిసీ అలా చేసినందుకే ఆయన మీద నాకింకా కోపం చల్లారలేదు.

మా అక్కకి కళ్ళలో నీటికాసులు. చూపు అంచుల నుంచి కొంచెం కొంచెంగా పోతూ వచ్చింది. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు ఒక్కరోజు కూడా మానకూడదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మనుషుల్ని గొంతు విని పోల్చుకునే అక్కకి, పెరట్లో కుండీలో ఉన్న ముదురు గులాబీ రంగు కార్డిలైన్ మాత్రం కనిపించేది. కాండం ముక్కని ఇసుకలో పడుకోబెట్టి తనే మొలిపించిన మొక్క అది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి దాన్ని వెతుక్కునేది.

"ఉంది. ఇవాళ్టికి నా కళ్ళున్నాయే" అని నవ్వి, అప్పుడు చుక్కలు వేసుకునేది.

రానురాను కిటికీ దాకా కూడా చూపు ఆనలేదు. బావ కుండీని మోసుకొచ్చి వరండాలో ఆమె కుర్చీ పక్కన పెట్టాడు. ఆ వరండాలో ఎండ పొడ కూడా పడదు. నేను ఊరుకుంటానా?

"మీ పాఠం మీకే అప్పజెప్పాలా బావా?"

"వారానికి నాలుగు రోజులు బయటపెట్టి తెస్తాలే మరదలా. ముందు మీ అక్కకి కనబడనీ."

తర్వాత మా అమ్మాయికి కాన్పయితే నేను వాళ్ళ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. ఇక్కడ వానలు పట్టుకున్నాయి, నర్సరీలో ఊపిరి సలపని పని. కుండీ వరండాలోనే ఉండిపోయింది.

నేను తిరిగొచ్చేసరికి కింది ఆకులు పండి రాలిపోయాయి. పైన వచ్చినవన్నీ వట్టి పచ్చ. బావని పెరట్లోకి లాక్కెళ్ళి నిలదీశాను.

"మెల్లిగా, వింటుంది" అన్నాడు. "కొత్తాకు ఎలా ఉందని అడిగితే భలే రంగు తిరిగిందని చెప్పాను. దాని మొక్కని నా చేతులతో పాడుచేశానని ఏ మొహంతో చెప్పను?"

తిట్టాల్సినన్ని తిట్లు తిట్టి లోపలికి వచ్చాను. అక్కకి చుక్కలు వేద్దామని అలమర తెరిస్తే, మందు సీసాలు మూత కూడా విప్పకుండా ఉన్నాయి.

"ఇవేంటే అక్కా?"

"ఇంకెందుకే అవి? ఆకు భలే రంగుందని మీ బావ అన్నాడు. నేను ముక్కుకి ఆనించుకుని చూశాను. గులాబీ రంగు ఎక్కడా లేదు, నాకంతా పచ్చగానే ఉంది. కళ్ళ పని అయిపోయిందని తెలిసిపోయింది. ఆయన బెంగపెట్టుకుంటాడని నోరు విప్పలేదు."

సీసా చేత్తో పట్టుకునే వాకిట్లోకి వెళ్ళాను. వీధి చివరిదాకా వినబడేలా బావని పిలిచాను. "మీరే చెప్పండి" అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆకు పచ్చబడిందనీ, తను అబద్ధం ఆడాడనీ.

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అయితే నేను చూసింది నిజమేనన్నమాట" అంది.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ కళ్ళు పరీక్షించి, చుక్కలు మానేసరికి ఉన్న చూపూ పోయిందనీ, ఇక వెలుతురు తప్ప ఏమీ తెలియదనీ అంది. బావ బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. నేను ఓదార్చలేదు. అంత మంచి మనసు నాకు లేదు.

కుండీ మళ్ళీ ఎండలోకి వెళ్ళింది. వానలు తగ్గి ఎండలు ముదిరాక, మొవ్వులోంచి కొత్తాకు విచ్చుకుంది, ఎప్పటి గులాబీ రంగులో. బావ కుండీని ఎత్తుకుని పరుగున వచ్చాడు.

"ఇదిగో, వచ్చేసింది నీ రంగు!"

అక్క ఆకుని మొదలు నుంచి కొస దాకా తడిమింది. తర్వాత నేనున్న వైపు తల తిప్పింది.

"నువ్వు చెప్పవే చెల్లీ. ఏ రంగు?"

నేను బావ మొహం చూడలేకపోయాను. "గులాబీ రంగేనక్కా" అన్నాను.

అక్క తలూపింది. బావ కుండీని తీసుకుని మళ్ళీ ఎండలో పెట్టడానికి వెళ్ళాడు.