తెల్లబట్టలు ఆరే గడ్డి

తడిబట్టల మూట నెత్తిన పెట్టుకొని, ఎప్పుడూ వెనక గుమ్మానికి వచ్చే సలోమి ఆ శనివారం మధ్యాహ్నం వీధి గుమ్మం ముందు నిలబడింది. నీళ్లు మెడ మీదుగా కారి జాకెట్టంతా తడిసింది.

"ఇంకా ఆరలేదేం?" అంది ఆగ్నెస్ దొరసాని.

"ఎక్కడ ఆరెయ్యమంటారు దొరసానమ్మా? మేం వంగి ఉతుకుతున్నామా, లేచేసరికి గడ్డి చుట్టూ కంచె! ముళ్లతీగ మీదేస్తే దొరగారి చొక్కాకి చిల్లులు పడతాయి. మళ్లీ నన్నే అంటారు."

దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషు దొరలేలే కేప్ కాలనీలో ఆ ఊరికి వీధులు గీసిన రోజునే వాగొడ్డు గడ్డినేలను అందరికీ ఉమ్మడిగా వదిలారు; అమ్మకూడదన్నారు. దొరల దుప్పట్లు తెల్లగా ఉన్నాయంటే ఆ గడ్డి మీది ఎండ చలవే. బట్టలుతికే ఆడవాళ్లు మూటకు షిల్లింగు చొప్పున దాని మీదే బతుకుతున్నారు.

"ఎవరు కొన్నారట?"

"మీ గులాబీలు కొన్నాయంట," అని నవ్వింది సలోమి.

ఆగ్నెస్ చెవులు వేడెక్కాయి. గులాబీలకు చోటు చాలడం లేదని పోయిన నెల భోజనాల దగ్గర అన్నది తనే. ఊరి సంఘంలో సభ్యుడైన భర్త అమ్మకానికి చెయ్యెత్తి, అదే చేత్తో కొన్నాడన్నమాట. నీకోసం చోటు చూశానని ఆయనంటే, పెళ్లాం మాట వినే మొగుడని మురిసిపోయింది కూడా.

"పోనీలే సలోమీ, నువ్వు ఎప్పట్లాగే వచ్చి ఆరేసుకో. నేను చెప్తాగా."

"మరి నా పక్కన ఉతికే డీనా? మిగతావాళ్లు?"

"అందరూ అంటే... ఆయన ఒప్పుకోరు."

"నిన్నటిదాకా ఎవర్నీ అడక్కుండా ఆరేసుకున్నాం. ఇయ్యాళ్టి నుంచి మీ దయ మీద ఆరెయ్యాలా? దయ మీద బట్టలు ఆరవమ్మా. రేపు మీకు కోపమొస్తే మూటతో పాటు నన్నూ గెంటేస్తారు."

"రేపు చర్చికి ఆయన చొక్కా..."

"మీ గడ్డి, మీ చొక్కా." సలోమి మూటను మెట్టు మీద దించి, కూలి అడక్కుండానే వెళ్లిపోయింది.

అటు వకీలుగారి మెట్టు మీదా, ఇటు డాక్టరుగారి మెట్టు మీదా నీళ్లోడుతున్న మూటలే. ఖాళీ నెత్తులతో నడిచిపోతున్న ఆడవాళ్లలో ఎవరో ఏదో అన్నారు; అందరూ గొల్లున నవ్వారు. తన గురించే అనిపించింది ఆగ్నెస్‌కు. నవ్వితే తప్పేముందనీ అనిపించింది.

ఎదురింటి మెట్టు మీద పాస్టరుగారి భార్య తన మూట వంక చూసుకుని, తలెత్తి ఆగ్నెస్ వంక చూసింది. గబగబా మూట లోపలికి లాగేద్దామని ఆగ్నెస్ వంగింది. అది కదల్లేదు. అప్పుడే వీధి చివర దొరగారి గుర్రబ్బండి మలుపు తిరిగింది.