వంటింటి మూల

ఇల్లు కొనడానికి వచ్చేవాళ్ళంతా ముందు గోడను తడతారు. ఏం వినిపిస్తుందని తడతారో నలభై ఏళ్ళు గోడలు కట్టిన మేస్త్రీకి ఇప్పటికీ అర్థం కాలేదు. తట్టి, పెదవి విరిచి, ఒక లక్ష తగ్గిస్తారు. రెండు నెలల్లో ఆరుగురు వచ్చారు, ఆరుగురూ తట్టారు. ఒకాయన కిటికీ వంకరగా ఉందన్నాడు. మేస్త్రీ ఉడుక్కుని రసమట్టం తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, లోపలి బుడగ నట్టనడుమ నిలిచింది చూడమన్నాడు. ఆయన చూశాడు, నిజమేనన్నాడు, మళ్ళీ రాలేదు.

"బేరానికొచ్చినవాడితో పంతమేంటండీ? వంకరంటే వంకరేననండి. డబ్బు తిన్నగా వస్తే చాలదూ?" అని భార్య తల పట్టుకుంది.

ఆమె తొందర ఆమెది. ఇల్లు గుట్ట మీద ఉంది, వీధిలోంచి ఇంట్లోకి రావాలంటే ఇరవై రెండు మెట్లెక్కాలి. మేస్త్రీ మోకాళ్ళు అరిగిపోయి ఏడాదైంది. రోజూ పదో మెట్టు మీద కూలబడి, ఇన్ని మెట్లు కట్టినవాడెవడని తిట్టుకుంటాడు. కట్టింది తనే. పక్క వీధిలో మెట్లు లేని రెండు గదుల ఇల్లు చూసి బయానా ఇచ్చారు. నెలాఖరులోగా మిగతాది కట్టకపోతే బయానా పోతుంది, ఆ ఇల్లూ పోతుంది. అది చేతికి రావాలంటే ఈ ఇంటికి ముప్పై ఎనిమిది లక్షలకు పైసా తగ్గకూడదు.

ఏడోవాడు మందుల షాపాయన. మేస్త్రీ నలభై రెండన్నాడు. ఆయన ముప్పై మూడన్నాడు. ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. తర్వాత నాలుగు రోజులు ఫోన్ల మీద ఫోన్లు. ఈయన ఒకటి దిగితే ఆయన ఒకటి ఎక్కాడు. "మా ఆవిడ ఒప్పుకోవడం లేదండీ" అని ఆయన, "మా ఇంట్లోనూ అంతేనండీ" అని ఈయన. పాపం, ఆ ఆడవాళ్ళిద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఫోను పెట్టేసేసరికి మేస్త్రీకి రోజంతా ఇటుకలు మోసినంత నీరసం వచ్చేది. చివరికి షాపాయన, "మా మేస్త్రీని తీసుకొస్తాను. అతను బాగుందంటే నలభై ఇచ్చేస్తాను" అన్నాడు.

తీరా వచ్చిన మేస్త్రీ ఎవరంటే, పొట్టోడు. ఈయన దగ్గరే పని నేర్చుకున్న శిష్యుడు. ఇరవై ఏళ్ళ క్రితం ఈ ఇంటికే పునాది తవ్వినవాడు. మేస్త్రీ చూపు వంటింటి మూలకు పోయింది.

ఎందుకంటే, దీపం కిందే చీకటి. లోకానికంతా గట్టి నేల తగిలేదాకా తవ్వించిన మేస్త్రీ, సొంతింటికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయి, వంటింటి మూల పాత గుంతను మట్టితో పూడ్చి పైన కట్టేశాడు. రెండు వానాకాలాలకోసారి అక్కడ నేల రెండు వేళ్ళు కుంగుతుంది. మేస్త్రీ మళ్ళీ గచ్చు చేస్తాడు. ఆ సంగతి ఎరిగినవాళ్ళు లోకంలో తనూ, భార్యా, పొట్టోడూ ముగ్గురే, ముగ్గురూ ఇప్పుడు ఈ వంటింట్లోనే ఉన్నారు.

పొట్టోడు గోడలు తట్టలేదు. మూల దగ్గరికి వెళ్ళాడు, కొత్త గచ్చు మీద కాలు ఆనించాడు, గురువు మొహం చూడకుండా వెనక్కి తిరిగాడు.

"ఇల్లు ఇనుమండీ. నలభై ఇవ్వొచ్చు."

భార్య మొహం విచ్చుకుంది. షాపాయన కూడా సంబరపడి, "ఇంకేం! పైన రెండంతస్తులు వేద్దాం. కట్టేదీ ఇతనే" అన్నాడు.

మేస్త్రీ అక్కడున్న పీట మీద కూర్చుండిపోయాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నలభై. రెండంతస్తుల బరువు ఆ మూల మీద పడితే కుంగేది గచ్చు కాదు.

"ఆ మూల కింద పూడ్చిన గుంత ఉందండీ" అన్నాడు. "తప్పు నాది. వీడు నా మీద గౌరవంకొద్దీ దాచాడు."

"గురువుగారి తప్పు నా నోటితో ఎలా చెప్పమంటారు?" అన్నాడు పొట్టోడు.

"చెప్పకపోతే రేపు మేడ బీటలు వారితే తిట్లు నీకురా, నాకు కాదు."

షాపాయనకు కోపం రాలేదు. వ్యాపారస్థుడు, అవకాశం వచ్చింది. "అయితే ముప్పై ఐదు" అన్నాడు చల్లగా.

మేస్త్రీ తల దించుకున్నాడు. బేరమాడే ఓపిక చచ్చిపోయింది. అప్పుడు, ఇంతవరకూ ఎవరూ అడగని భార్య ముందుకొచ్చింది.

"ముప్పై ఎనిమిది. గట్టి నేల తగిలేదాకా తవ్వి కొత్త పునాది వేసి ఇస్తాం. తవ్వేది పొట్టోడు, దగ్గరుండి చేయించేది ఈయన. సామాను మీది, కూలి మాది."

"నేనొస్తానమ్మా" అన్నాడు పొట్టోడు వెంటనే.

"ముప్పై ఏడమ్మా" అన్నాడు షాపాయన.

"ముప్పై ఎనిమిదండీ. తన ఇంట్లో లోపం తనే చెప్పుకుని అమ్మేవాడు మీకు ఇంకెక్కడైనా దొరికితే అక్కడే కొనుక్కోండి."

ఆయన మూలను చూశాడు, మేస్త్రీని చూశాడు, సరేనన్నాడు.

వాళ్ళు మెట్లు దిగాక మేస్త్రీ నవ్వబోయాడు. "నన్నడక్కుండా నన్నే పనికి కుదిర్చావే!"

ఆమె నవ్వలేదు. పొయ్యి బల్ల పక్కన వంగి, ఒరిగిన కాలి కింద తను పెట్టుకున్న చెక్కముక్కను సరిచేసింది. బల్ల ఊగడం మానింది.

"ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను, ఈ మూల బాగుచేయమని" అంది. "ఇన్నేళ్ళూ ఇక్కడ నిలబడి వండింది నేను. ఇప్పుడు బాగయ్యేది ఇంకొకావిడ కోసం."