గ్యారంటీ సీసా

కిటికీ పక్కన మేకుకు తగిలించిన అద్దం ముందు నిలబడి నోల్వియా గడ్డం కింది వెంట్రుకలు పీకుతోంది. ఎడమచేత్తో చర్మం లాగిపట్టి, కుడిచేత్తో చిన్న పట్టకారు పట్టుకుని ఒక్కొక్కటే లాగుతోంది. ఈరోజుకి పదిహేడు. ఇరవయ్యేళ్ళుగా తెల్లవారుతూనే ఆమె చేసే మొదటి పని ఇదే. బట్టల ఫ్యాక్టరీకి మిగతా ఆడవాళ్ళు పెదాలకు రంగు వేసుకుని వస్తారు, ఈమె గడ్డం కందించుకుని వెళుతుంది.

ముప్పై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, నడుము దగ్గర మందంగా ఉంటుంది. చేతులు మాత్రం సన్నగా, పదేళ్ళ పిల్ల చేతుల్లా ఉంటాయి. మెడ వెనక చర్మం నల్లగా, మాసినట్టుగా కనిపిస్తుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ అది మురికి అనుకుని పీచుతో రుద్ది రుద్ది పుండు చేసింది. పుండు మానింది కానీ నలుపు పోలేదు.

అద్దం పక్కన కిరాణా కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. నెలసరి వచ్చిన ప్రతిరోజూ దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క పెట్టడం ఆమెకు అలవాటు. పోయిన ఏడాది క్యాలెండరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. జనవరిలో పంతొమ్మిది చుక్కలు, ఆ తర్వాత ఆగస్టుదాకా ఒక్కటీ లేదు. దాల్చినచెక్క కషాయం తాగింది. అవకాడో ఆకులు మరగబెట్టి తాగింది. సుయాపా మాత చర్చికి మోకాళ్ళ మీద నడిచి కొవ్వొత్తులు వెలిగించింది. ఆ నెలసరి మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడే వచ్చేది, బుద్ధి పుట్టినన్నాళ్ళు ఉండేది. పిల్లలు పుట్టలేదని మొదటి మొగుడు వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఇనప మంచం కూడా పట్టుకుపోయాడు, అదేదో దాని తప్పయినట్టు.

పోయిన అక్టోబరులో ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన చిన్నవయసు డాక్టరమ్మ స్కానింగు చేయించింది. అండాశయాల నిండా చిన్న చిన్న నీటిబుడగలున్నాయని, అందుకే అండం పూర్తిగా తయారుకాక ఆగిపోతోందని, నెలలు అందుకే తప్పుతున్నాయని చెప్పింది. గడ్డం మీద వెంట్రుకలూ, మెడ మీద నలుపూ ఆ జబ్బువేనట. "ఇందులో నీ తప్పేం లేదు," అని కూడా అంది. ఇరవయ్యేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. నోల్వియా కుర్చీలో కూర్చునే ఏడ్చేసింది.

డాక్టరమ్మ షుగరు మాత్రలు రాసింది. "నాకు షుగరు లేదుకదమ్మా," అంటే, "లేదు, కానీ దీనికీ అవే మందు. కడుపులో తిప్పుతుంది, ఓర్చుకో. బస్సు సగం దూరంలో దిగి నడువు. తీపి పానీయాలు మానెయ్," అంది. నోల్వియా అన్నీ చేసింది. డిసెంబరులో చుక్కలు పడ్డాయి. జనవరిలో పడ్డాయి. ఫిబ్రవరిలో సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజున పడ్డాయి. ఇప్పుడు ఆమెకు తోడుగా, శనివారాలు మాత్రమే వచ్చి వెళ్ళే సాబినోను, లారీలకు సరుకెత్తే మనిషి అతను, క్యాలెండరు ముందు నిలబెట్టి మరీ చూపించింది. ఆ మంచి మనిషికి ఏం చూడాలో తెలియక, "బాగుంది, బాగుంది," అన్నాడు.

ఆ తర్వాత మార్చి ఖాళీ. ఏప్రిల్ ఖాళీ. మే నెల వచ్చి పదిరోజులైంది. మందు పనిచెయ్యడం మానేసిందని నోల్వియా ఒక రాత్రంతా బాధపడి, ఆ తర్వాత ఊరుకుంది. తనకు అలవాటైన కష్టమే కదా మళ్ళీ వచ్చింది.

పొయ్యి మీద కాఫీ పొంగింది. ఆ వాసన తగలగానే కడుపులో దేవినట్టయింది. "పాడు మాత్రలు," అనుకుని కాఫీ పెరట్లో పారబోసింది. ఉత్త రొట్టె రెండు ముక్కలు నమిలింది. ఇంక ఒక్క పని మిగిలింది. నిన్న ఫ్యాక్టరీలో దూనియా ఇచ్చిన దగ్గుమందు సీసా, ఉడకబెట్టి ఆరబెట్టినది, తీసుకుని పెరటి మరుగుదొడ్లోకి వెళ్ళింది. నింపి, మూత బిగించి, గుడ్డపేలిక చుట్టి, రవికలోపల వెచ్చగా దాచుకుంది.

చొలోమా పట్నం బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ళకు ఈ సీసా సంగతి చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు మూడు నెలలకోసారి కొత్తగా రాస్తారు. రాసేముందు మిర్తాలా అనే ఫ్యాక్టరీ నర్సు మూత్రం పరీక్ష చేస్తుంది. కడుపుతో ఉన్నట్టు తేలితే కాంట్రాక్టు ఉండదు, అంతే. మధ్య నెలల్లో నెలసరి వచ్చిందో లేదో అట్టముక్క మీద రాసుకుంటుంది, అనుమానం వస్తే గుడ్డ చూపించమంటుంది. మొదట్లో నోల్వియాను ప్రతినెలా పరీక్షించేది. ప్రతిసారీ లేదనే వచ్చేది. చివరికి విసిగి, ఆమె అట్ట మీద అడ్డంగా ఒక గీత కొట్టేసింది. "నీకు రాకపోతే మామూలు, వస్తే వింత," అని నవ్వేది. ఇప్పుడు కాంట్రాక్టు సమయంలో తప్ప అడగదు.

అప్పుడే ఆమె కుట్టే లైనులో ఆడవాళ్ళకు ఆలోచన తట్టింది. ఎవరి మూత్రాన్నీ నమ్మలేం, ఎవరి ఒంట్లో ఏముందో వాళ్ళకే తెలియదు. నోల్వియాది మాత్రం నమ్మొచ్చు. నాలుగేళ్ళలో ఐదుగురు ఆమె సీసాతో గండం గట్టెక్కారు. ఒకతె జున్నుముద్ద తెచ్చింది, ఒకతె కోడిపుంజు తెచ్చింది, ఇద్దరు పుట్టిన ఆడపిల్లలకు ఆమె పేరే పెట్టారు. అందరూ ఆమెను 'గ్యారంటీ అక్క' అంటారు. ఆ పిలుపుకు నోల్వియా నవ్వుతుంది. నవ్విన ప్రతిసారీ లోపల ఎక్కడో కోసినట్టుంటుంది, అయినా నవ్వుతుంది. ఎందుకూ పనికిరాని ఒళ్ళు ఇలాగైనా ఒకరికి అక్కరకొస్తోంది కదా అని సర్దిచెప్పుకుంటుంది.

బస్సులో దూనియా ఆమె కోసం సీటు ఆపి ఉంచింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఫ్యాక్టరీలో పక్క మిషను ఆమెదే. నోల్వియా కాలర్లు కుడితే, దూనియా వాటిని చొక్కాలకు అతుకుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇటుకల బట్టీలో కాలు నలిగి మొగుడు మంచాన ఉన్నాడు. ఇప్పుడు మూడో కాన్పు, రెండో నెల. ఈ ఒక్క పరీక్ష దాటితే ఆగస్టుదాకా జీతం వస్తుంది, ఆ తర్వాత పొట్టకు గుడ్డ బిగించుకుని ఎలాగో ఈడుస్తుంది.

"తెచ్చావా అక్కా?"

"తెచ్చాను. కోడి కూయగానే పట్టింది. ఫస్టు క్వాలిటీ."

దూనియా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రాత్రంతా నిద్రలేదక్కా. కప్పు వెచ్చగా లేకపోతే నర్సు కనిపెట్టేస్తుందంట కదా?"

"పైనుంచి పట్టుకుని చూస్తుంది. అందుకే ఇదుగో, ఇక్కడ పెట్టాను. నువ్వూ అక్కడే పెట్టుకో. నవ్వకే, జారిపోతుంది."

"ఆడపిల్ల పుడితే నీ పేరే పెడతా."

"వద్దు తల్లీ. ఇప్పటికే ఇద్దరు నోల్వియాలున్నారు. ఇద్దరికీ ఎప్పుడు చూసినా ముక్కు కారుతూనే ఉంటుంది."

సగం దారిలో ఇద్దరూ దిగి నడిచారు. డాక్టరమ్మ చెప్పినప్పటినుంచీ దూనియా కూడా తోడుగా నడుస్తోంది. నోల్వియాకు ఆయాసం వచ్చి రెండుచోట్ల ఆగింది. ఈ మధ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర ముంచుకొస్తోంది. గేటు దగ్గర నర్సు మిర్తాలా తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ ఎదురైంది.

"దూనియా, నువ్వు తొమ్మిదింటికి. నోల్వియా, నువ్వు సోమవారం. నీకు పరీక్ష అంటే మాకు పట్టీ దండగ," అని గేటు కాపలావాడి వైపు చూసి కన్నుగీటింది. వాడు నవ్వాడు. నోల్వియా కూడా నవ్వింది.

మరుగుదొడ్డిలో సీసా చేతులు మారింది.

వాళ్ళ లైను మూడోది. చెక్కబల్లల మీద కూర్చుని పది గంటలు కుట్టాలి. దూనియా ఎప్పుడో మిగిలిన కాలరు ముక్కలన్నీ పోగుచేసి, ఒకదానికొకటి అతికి, లోపల పేలికలు కుక్కి ఒక దిండు కుట్టుకుంది. దాని మీద లైనంతా కన్నేసింది. సూపర్‌వైజరు రెండుసార్లు తీసెయ్యమన్నాడు. "పాత పేలికలే కదా సార్, నా వెన్నెముక కొత్తది పెట్టిస్తారా?" అని దూనియా అనేసరికి వాడు నోరుమూసుకున్నాడు.

తొమ్మిదింటికి మైకులో పిలిచారు. దూనియా లేచి, నోల్వియా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. నోల్వియా కాలర్లు కుడుతూ తలుపు వైపు చూస్తూ ఉంది. మామూలుగా పావుగంటలో తిరిగి వస్తారు. అరగంట అయింది. కాలర్లు గుట్టపడ్డాయి, అతికేవాళ్ళు లేరు. గంటన్నర అయింది. నోల్వియా సూది కిందకు వేలు పోనిచ్చింది. రక్తం కాలరు మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

దూనియా భయపడి తనదే పోసిందేమో, పిచ్చిది. తను ఎన్నిసార్లు చెప్పింది, వెనక్కి తిరిగి సీసా వంపెయ్యమని.

పదకొండింటికి దూనియా వచ్చింది. వెనక సూపర్‌వైజరు ఉన్నాడు. సామాను తీసుకోవడానికి ఐదు నిమిషాలిచ్చి, లైను చివర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. దూనియా ఏడవడం లేదు. కత్తెర తీసింది, దువ్వెన తీసింది, దిండు కింద చెయ్యి పెట్టి ఏదో సర్దింది, మిషనుకు అతికించుకున్న పిల్లల ఫొటో గోటితో మెల్లగా ఊడదీసింది.

"నీదే పోశావా?" నోల్వియా పెదాలు కదపకుండా అడిగింది. మిషన్ల హోరులో ఆ మాట దూనియాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"లేదక్కా."

"మరి?"

"నీ సీసానే. చివరి బొట్టుదాకా వంపాను. వెచ్చగానే ఉంది, ఆవిడ పట్టుకుని చూసింది కూడా." దూనియా కత్తెర సంచిలో వేసి ఇటు తిరిగింది. "రెండు గీతలొచ్చాయి. నమ్మక ఇంకో పట్టీ ముంచమన్నాను. మళ్ళీ రెండే."

నోల్వియా కాలు మిషను తొక్కుడుపలక మీదినుంచి జారింది. క్యాలెండరు గుర్తొచ్చింది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. వరసగా వచ్చిన చుక్కలు, వాటి తర్వాతి ఖాళీ. కాఫీ వాసన గుర్తొచ్చింది. మాత్రలనుకుంది. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా, ఒక్కసారైనా, ఇంకో సంగతి అయి ఉండొచ్చని తట్టలేదు. తన ఒంటిని అందరికంటే ఎక్కువగా నమ్మింది తనే.

"అది నాదని చెబుతాను," అంది.

"చెప్పి? నన్ను మళ్ళీ పొయ్యమంటారు, నాదీ అదే చెబుతుంది. ఇద్దరం కలిసి రోడ్డున పడతాం. నోరుమూసుకుని కుట్టుకో." దూనియా గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నోల్వియాకు. "ఇంకెవరి దగ్గరైనా అడిగి ఉంటే... పోనీలే. ఎవరి దగ్గరా అడగలేదు, నీ దగ్గరే అడిగాను."

సూపర్‌వైజరు చప్పట్లు కొట్టాడు.

"సోమవారం నీ వంతు కదా," అంది దూనియా. "ఎవరి దగ్గర తెచ్చుకుంటావక్కా?"

నోల్వియా లైను వైపు చూసింది. లైనులో ముప్పై ఇద్దరున్నారు. పెళ్ళైనవాళ్ళు, కానివాళ్ళు, నిన్నగాక మొన్న పిల్లను కన్నవాళ్ళు. ఇన్నేళ్ళుగా అందరికీ తనొక్కతే గ్యారంటీ. తనకు గ్యారంటీ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

దూనియా వంగి ఆమె కందిన గడ్డం మీద బొటనవేలితో ఒకసారి నిమిరింది. సంచి భుజాన వేసుకుని, సూపర్‌వైజరు ముందు నడిచి వెళ్ళిపోయింది. ఎవరూ మిషను ఆపలేదు. ఆపితే ఆ రోజు లెక్క తగ్గుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడు బయటి ఎండ ఒక్కక్షణం నేల మీద పడి, తలుపుతోపాటు మూసుకుపోయింది.

నోల్వియా మళ్ళీ కాలు పలక మీద పెట్టింది. కాలర్లు కుట్టింది. లోపలినుంచి ఒక సంతోషం పైకి వస్తోంది. ఆపుదామన్నా ఆగడం లేదు, దాని వెనకే సిగ్గు వస్తోంది. ఇనప మంచం పట్టుకుపోయినవాడు గుర్తొచ్చాడు. మంచాన ఉన్న దూనియా మొగుడు గుర్తొచ్చాడు. రెండు చేతులూ గుడ్డ మీదే ఉంచింది, పొట్ట మీదికి పోనివ్వలేదు. ఎవరైనా చూస్తారు.

మధ్యాహ్నం గంట కొట్టాక అందరూ తిండికి లేచారు. అప్పుడుగానీ ఆమె పక్కకు చూడలేదు. దూనియా బల్ల మీద ఆ దిండు అలాగే ఉంది. మరిచిపోయిందేమో, సాయంత్రం తీసుకెళ్ళి ఇద్దామని నోల్వియా దాన్ని చేతిలోకి తీసుకుంది. దిండు అడుగున ఒక కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. దూనియాకు కాంట్రాక్టు లేదని ఇచ్చిన కాగితమే అది. వెనకవైపు, పెన్సిలుతో, వంకర అక్షరాల్లో రాసి ఉంది:

'ఐదో నెలనుంచి నడుము లాగుతుందక్కా. అప్పుడు వేసుకో.'

ఆమె దాన్ని తన బల్ల మీదికి మార్చుకోలేదు. తీసినచోటే మళ్ళీ పెట్టింది. నీలం, తెలుపు, గళ్ళు, చారలు, ఎన్నో రకాల కాలరు ముక్కలు అతికిన ఆ దిండు మధ్యలో, దూనియా కూర్చున్న చోట, గుంట ఇంకా పైకి లేవలేదు.