పైన ఉన్న తూటా

శనివారం పొద్దున గులకరాళ్ల గుంటలో ఆర్విడ్ కాల్చిన మొదటి తూటా చప్పుడే తేడాగా ఉంది. తర్వాతివన్నీ ఎప్పటిలాగే టప్పు టప్పుమన్నాయి. మొదటిది మాత్రం చెవి మీద చరిచినట్టు మోగింది. దాని ఖాళీ గొట్టం కూడా మిగతావి పడ్డచోట పడకుండా ఎగిరి దూరంగా మంచులో పడింది. వేడి మసి వచ్చి అతని చెంపకి కొట్టింది.

మెర్ల్ వెళ్లి ఆ గొట్టాన్ని వెతికి తెచ్చాడు. ఆ గుంటలో వాళ్లిద్దరూ పెళ్లిళ్లు కాకముందు నుంచీ కలిసి గురి చూసి కాలుస్తున్నారు.

"ఇదేంట్రా, కడుపుతో ఉంది?" అన్నాడు.

ఇత్తడి గొట్టం అడుగు దగ్గర ఉబ్బి ఉంది. నిప్పు పుట్టించే ప్రైమర్ బిళ్ల అంచులు ఇస్త్రీ పెట్టినట్టు అణిగిపోయాయి. లోపల ఒత్తిడి హద్దు దాటిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

"మందు ఎక్కువ పోశావు."

"నేనా?"

"కాదు, మా అత్తగారు వచ్చి పోసి వెళ్లింది. ఇంకోసారి ఇలా అయితే ఆ గొట్టం పగిలి నీ మొహమ్మీదే పడుతుంది. ఆ మొహం ఇప్పటికే అంతంతమాత్రం."

ఆర్విడ్ నవ్వలేదు. అతనికి దేవుడి కన్నా తన చేతి మీదే నమ్మకం ఎక్కువ. స్కూలు బస్సు నడపగా మిగిలిన పొద్దంతా నేలమాళిగలో బల్ల ముందు కూర్చుని, ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి, మళ్లీ మందు నింపి, గుండు బిగించి తూటాలు చేసుకుంటాడు. అంగట్లో తూటాలు కొనేవాళ్లని చూస్తే, వంట రాని వాళ్లని చూసినట్టు జాలిపడతాడు.

పైగా ఆ పొట్టి రైఫిల్ అతనొక్కడిదే కాదు. పిస్తోలు తూటాలతోనే పేలుతుంది, తేలిక, భుజానికి దెబ్బ తగలదు. కొండసింహం పెరట్లోకొచ్చి కుక్కని ఎత్తుకుపోయినప్పటి నుంచీ, శనివారాలు తప్ప, అది వంటింటి తలుపు వెనకే ఉంటోంది. భార్య లొరీన్ కోసం. మ్యాగజైన్ నిండా తూటాలుంటాయి, పేల్చడానికి సిద్ధంగా లోపలికి ఎక్కించినది మాత్రం ఉండదు. బోల్ట్ అనే ఇనప గడియ లాగి వదిలితే చాలు, పై తూటా లోపలికి పోతుంది. ఆ గొట్టం పగలడమంటూ జరిగితే తన భార్య చెంప పక్కనే పగులుతుందన్న ఆలోచన ఆర్విడ్‌కి అన్నం సహించనివ్వలేదు.

మర్నాడు ఆదివారమంతా బల్ల దగ్గరే గడిపాడు. త్రాసు సరిచూశాడు. మందు డబ్బా మారిందేమోనని వాసన కూడా చూశాడు. గొట్టాల పొడవు కొలిచాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి మందు తగ్గించి, మెత్తటి తూటాలు కొత్తగా చేసి మ్యాగజైన్ నింపి, తుపాకిని తలుపు వెనక పెట్టాడు. లొరీన్ పైనుంచి భోజనానికి పిలిచింది. దుప్పి మాంసం కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. "నా మీద కోపమా, దుప్పి మీదా?" అని ఆర్విడ్ అంటే ఆమె నవ్వింది.

మళ్లీ శనివారం వచ్చింది. మెత్తటి తూటాలే. మొదటిది మళ్లీ చెవి మీద చరిచింది. మిగతావి దగ్గు వచ్చినట్టు నీరసంగా పేలాయి.

మెర్ల్ ఈసారి వేళాకోళం ఆడలేదు. "ఒక్క మొదటిదే. ఎప్పుడూ మొదటిదే. మందు తప్పయితే ఏది మొదట పేలుతుందో దానికేం తెలుసురా? నీ మ్యాగజైన్‌లో పైన ఎవరో కూర్చుంటున్నారు."

ఆర్విడ్ కాల్చడం ఆపేశాడు. తుపాకి సంచిలో పెట్టేసి ఇంటికి వచ్చేశాడు.

మూడో శనివారం కాల్చలేదు. మ్యాగజైన్లోని తూటాలన్నీ ఒక్కొక్కటే తీసి ట్రక్కు వెనక పలక మీద వరసగా నిలబెట్టాడు. అప్పుడు కనిపించింది. అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, పైనుంచి తీసిన మొదటిది మాత్రం పొట్టిగా ఉంది. దాని గుండు గొట్టంలోకి దిగిపోయి ఉంది. అడుగు అంచు మీద, బోల్టు కొక్కెం పట్టి లాగిన గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

మెర్ల్ దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "బోల్ట్ వదిలినప్పుడల్లా గుండు ముక్కు లోపల కొట్టుకుని వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. గొట్టం మూతిని గుండు చుట్టూ బిగించడంలో నువ్వు ఎప్పుడూ పిసినారివే. గుండు దిగితే మందుకి చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే ఒత్తిడి పెరిగి గొట్టం పగులుతుంది. ఒకసారి కాదురా ఆర్విడ్, దీన్ని రోజూ ఎక్కించి దించుతున్నారు. నువ్వేనా?"

"ఆదివారం నింపి పెట్టాక మళ్లీ శనివారం దాకా నేను దాన్ని ముట్టుకోను."

"అయితే మీ ఇంట్లోకి ఎవడో వస్తున్నాడు. తాళాలు మార్చు."

ఆర్విడ్ ఆ పొట్టి తూటాని జేబులో వేసుకున్నాడు. దించిన తూటాని ఇంకెక్కడా పెట్టకుండా మళ్లీ మ్యాగజైన్లో పైనే పెట్టడం అతని అలవాటు. ఆ అలవాటు అతను నేర్పింది ఒక్క మనిషికే.

ఇంటికెళ్లి నేలమాళిగలోకి దిగాడు. మందు లేకుండా, ప్రైమర్ లేకుండా ఉత్తుత్తి తూటాలు చేసి మ్యాగజైన్ నింపి, తుపాకిని తలుపు వెనక ఎప్పట్లాగే నిలబెట్టాడు. లొరీన్‌ని ఏమీ అడగలేదు. ఏమని అడగాలో తెలియలేదు, అడగాలంటే భయం కూడా వేసింది.

సోమవారం పిల్లల్ని దింపి, బస్సు షెడ్డులో పెట్టి, రోజూ వచ్చినట్టే పైన్ చెట్లలోంచి నడిచి వచ్చాడు. పొద్దు వాలింది. మంచు నీలంగా మారుతోంది. రోజూ చేసినట్టే వంటింటి కిటికీ ఎదురుగా కట్టెల దొంతర దగ్గర ఆగి, వంగి, చేతుల్లోకి కట్టెలు ఎత్తుకోసాగాడు.

ఇంట్లో బోల్టు చప్పుడైంది.

తల ఎత్తాడు. కిటికీ అద్దం వేలెడు పైకి లేచి ఉంది. ఆ సందులోంచి తుపాకి గొట్టం అతని రొమ్ముకేసి చూస్తోంది. అందులో ఉన్నది ఉత్తుత్తి తూటాయేనని అతనికి తెలుసు. అయినా చేతిలో కట్టెల్ని రొమ్ముకి అదుముకున్నాడు. ఆ సన్నని నల్లటి చుక్క వెనక లొరీన్ ముఖం ఉంది, నలభై ఏళ్లు పక్కన నిద్రపోయిన ముఖం, అందులో అతనంటే ఎవరో తెలిసిన జాడ లేదు. ఎన్ని సాయంత్రాలు తను ఈ తుపాకి ముందే ఇలా వంగి కట్టెలు ఏరుకున్నాడో!

కాసేపటికి గొట్టం వెనక్కి పోయింది. బోల్టు మళ్లీ చప్పుడు చేసింది.

కట్టెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాడు. లొరీన్ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తుపాకి తలుపు వెనక దాని చోట్లోనే ఉంది.

"వచ్చావా? కాఫీ వేడిగా ఉంది, పోసుకో," అంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "లొరీన్, ఇందాక కిటికీ దగ్గర ఎవరిని చూశావు?"

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. గొంతు తగ్గించి చెప్పింది. "ఒకడొస్తాడు. రోజూ, చీకటి పడే వేళకి. చెట్లలోంచి వస్తాడు. మా కట్టెలు ఎత్తుకుపోతాడు."

"మరి కాల్చలేదేం?"

"కాలుద్దామనే అనుకుంటాను. వేలు కూడా పెడతాను. కానీ ఒక్కొక్క కట్టె చూసి ఎంచుకుంటాడు, తడిసినవి పక్కన పెట్టేస్తాడు. ఇంటి దగ్గర ఎవరో చలికి వణుకుతుంటే తప్ప మగవాడు అంత శ్రద్ధగా ఏరడు. వాడి ఇంట్లోనూ ఒక ఆడది ఎదురుచూస్తుంటుంది కదా అనిపిస్తుంది. అప్పుడు వేలు తీసేస్తాను."

ఆర్విడ్ లేచి ఆమె చేతులు పట్టుకోవాలనుకున్నాడు. కానీ ఆమె పరాయివాడి ముందున్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి, వాకిలి వైపు చూసి, మర్యాదగా, కొంచెం బతిమాలుతున్నట్టుగా అంది.

"మీరు ఈ సంగతి ఆర్విడ్‌కి మాత్రం చెప్పకండి. ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తాడు. అసలే అలిసిపోయి వస్తాడు పాపం, తెలిస్తే ఊరికే కంగారుపడతాడు."

"చెప్పను," అన్నాడు ఆర్విడ్.